ఇప్పచెట్టు దగ్గర ఆగిన ఇంజన్

ఈ సంగతి రాయాలని నాకు ఏనాడూ అనిపించలేదు. పోయిన ఎండాకాలం మా వీధి చివర టీ బండి దగ్గర ఇద్దరు కుర్ర మెకానిక్‌లు మాట్లాడుకుంటుంటే విన్నాను. వెనకటికి లక్సెట్టిపేట తోవలో ఒక దయ్యపు కారు తిరిగేదట. నడిపే మనిషి లేకుండానే నడిచేదట. ఒక ఆడమనిషి ఎదురొస్తే తనంత తానే ఆగేదట. విన్నప్పుడు నవ్వు వచ్చింది. ఇంటికి వచ్చాక సిగ్గేసింది. వాళ్లు చెప్పుకున్న కథలో కారు ఉంది, ఇంజన్ ఉంది, ఆడమనిషి ఉంది. నా తప్పు మాత్రం లేదు. నోటి నుంచి నోటికి పోతూ అది ఎక్కడో జారిపోయింది.

ఆ రోజు ఆ కారు మడ్గార్డు మీద కూర్చున్నవాణ్ని నేను. అప్పుడు కారులో ఉన్నవాళ్లలో ఇప్పుడు మిగిలిందీ నేనే. నేను రాయకపోతే దయ్యం మిగులుతుంది, తప్పు మిగలదు. రెంచి పట్టే వయసులో ఉన్న మీకు దయ్యం కన్నా తప్పే పనికొస్తుంది. అందుకే రాస్తున్నాను. ఎవరి పేరూ రాయను. వాళ్ల పిల్లలు, మనవలు ఈ చుట్టుపక్కలే ఉన్నారు.

హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తలు. మంచిర్యాలలో రైలు స్టేషన్‌కు ఇవతల మా షెడ్డు. నాది నైజాం కాలపు చదువు, నాలుగో తరగతి దాకా ఉర్దూలో. తెలుగు చదవడం గ్రంథాలయంలో నేర్చుకున్నాను. గ్రంథాలయమంటే ఒక గది, రెండు బల్లలు, మూడు అల్మారాలు. అక్కడి గుమాస్తా నా నూనె చేతులు చూసి మొదట పుస్తకం ముట్టనివ్వలేదు. సున్నిపిండితో తోముకుని వెళ్లి అరచేతులు చూపించేవాణ్ని. తర్వాత నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లిష్ కూడబలుక్కున్నాను. మోటారు బండ్ల గురించి అక్కడ ఒకే ఒక పుస్తకం ఉండేది. లావుది, నీలం అట్టది. మూడేళ్లలో దాన్ని నాలుగుసార్లు చదివాను. బొమ్మలన్నీ నోటు పుస్తకంలో దించుకున్నాను. ఆ చుట్టుపక్కల షెడ్లలో పుస్తకం చదివి ఇంజన్ విప్పేవాణ్ని నేనొక్కణ్నేనని నాకు చాలా గర్వంగా ఉండేది. దాచిపెట్టుకునే గర్వం కూడా కాదు.

షెడ్డు నడిపే ఉస్తాద్‌కు ఏ భాషలోనూ అక్షరం రాదు. స్క్రూడ్రైవర్ కొన ఇంజన్‌కు ఆనించి, పిడి చెవిలో పెట్టుకుని, లోపల ఏది అరిగిందో చెప్పేవాడు. నన్ను పేరుతో పిలవలేదు ఎన్నడూ.

"ఏం లైబ్రరీ, పుస్తకంల పెట్రోలు పోస్తే బండి నడుస్తదా?" అనేవాడు.

పక్క కొలిమి కమ్మరి అందుకునేవాడు. "నడుస్తది ఉస్తాద్. గాని చదువుకున్నోళ్లకే కనవడ్తది."

డాక్టర్ సాబ్ కారు మా దగ్గరికి వచ్చినప్పుడు నవ్వులు ఆగాయి. యుద్ధానికి ముందటి బండి. ఒళ్లు పెద్దది, లోపల నాలుగు సిలిండర్ల చిన్న ఇంజన్, అదీ అరిగిపోయింది. ఆయన వారానికి రెండుసార్లు లక్సెట్టిపేటకు వెళ్లి రోగుల్ని చూసి వచ్చేవాడు. తోవలో ప్రతి ఎత్తు దగ్గరా కారు మూలిగేది. ఒకసారి కాన్పు కేసుకు పోతుంటే వాగు ఒడ్డు ఎక్కలేక వెనక్కి జారిందట. ఆయన చేరేసరికి ఆలస్యమైంది. తర్వాత ఏమైందో ఆయన చెప్పలేదు, మేం అడగలేదు.

"పెద్ద ఇంజన్ ఎక్కించుండ్రి. నాకు ఆగని బండి కావాలె," అన్నాడు.

ఉస్తాద్ కలప డిపో నుంచి ఒక ఆరు సిలిండర్ల ఇంజన్ తెచ్చాడు. మిలిటరీ వాళ్లు వదిలేసిన లారీది. లారీని విప్పి ముక్కలుగా పెట్టారక్కడ. ఇంజన్ చూస్తే మంచి కండ మీద ఉంది. ఇంత మంచి ఇంజన్‌ను ఎందుకు విప్పారని ఉస్తాద్‌ను అడిగాను.

"ఇంజన్ల ఏం ఐబు లేదు. దోషం సీట్ల ఉన్నది. నడిపెటోడు గా సీట్లనే పోయిండు. మళ్ల ఒక్క డ్రైవరు ఎక్కలే."

నేను నవ్వాను. ఉస్తాద్ నవ్వలేదు. ఇంజన్‌ను షెడ్డులో దించే ముందు ఊదు వేసి, దాని చుట్టూ పొగ తిప్పాడు. కమ్మరి నిమ్మకాయ కోసి అటూ ఇటూ పెట్టాడు. నేను నోటు పుస్తకం తెరిచి కొలతలు రాసుకుంటూ కూర్చున్నాను.

"ఈ పని నీదే," అన్నాడు ఉస్తాద్. అట్లాంటి పని నాకు అప్పగించడం అదే మొదటిసారి. "నడిస్తె నీ పేరు. నడవకుంటె మళ్ల పంచర్లకాడ కూసో."

పని గురించి ఎక్కువ చెప్పను. రేడియేటర్‌ను ముందుకు జరిపాం. కొత్త ఇంజన్ కూర్చోవడానికి కమ్మరి లారీ కమాన్ స్ప్రింగు పట్టీలను కాల్చి దిమ్మలు కొట్టి ఇచ్చాడు. వెనక చక్రాలకు పోయే షాఫ్టును కోసి పొట్టి చేశాం. పాత బానెట్ సరిపోలేదు, కొత్తది చేసేదాకా అది లేకుండానే నడపాలనుకున్నాం. పొగ గొట్టానికి ఒకచోట పాత పగులు ఉంది. దాని మీద ఎవరో ఇత్తడితో అతుకు వేశారు. అతుకు సందులోంచి సన్నగా ఈల వచ్చేది. బలమైన అతుకే కదా, ఈలతో ఏం పని అని దాన్ని అట్లాగే ఉంచేశాను.

నా తప్పు మాత్రం ఇంజన్‌లో లేదు, దాని కింద ఉంది. డాక్టర్ సాబ్ పాత కారులో పెడళ్ల వరస వేరు. ఎడమన క్లచ్, నడుమ ఆక్సిలేటర్, కుడిన బ్రేకు. కొన్ని పాత బండ్లు అట్లాగే ఉండేవి. లారీ ఇంజన్ కార్బొరేటర్ రెండో పక్కన ఉంది. దాని కడ్డీ నడిమి పెడల్‌కు అందదు, కుడి పెడల్‌కు తిన్నగా అందుతుంది. నీలం అట్ట పుస్తకంలోనూ ఆక్సిలేటర్ కుడినే ఉంది. కొత్త బండ్లన్నీ ఇట్లాగే అని రాసి ఉంది. నేను రెంటినీ మార్చేశాను. బ్రేకు నడిమికి వచ్చింది, ఆక్సిలేటర్ కుడికి పోయింది.

"ఒక్క పూట ఆగు. వంపు కడ్డీ కొట్టిస్త, నడుమకే అందుతది," అన్నాడు కమ్మరి.

"అవసరం లేదు. ఇదే కొత్త పద్ధతి," అన్నాను.

ఉస్తాద్ కారు కిందికి వంగి చూశాడు. "డాక్టర్ సాబ్ కాలు పన్నెండేండ్ల సంది కుడిదిక్కు తొక్కితె బండి ఆగుతదనుకుంటున్నది. పుస్తకం నువ్వు చదివినవ్ భాయ్. కాలు చదివిందా? కాలుకు చదువు రాదు."

"రెండు దినాలల్ల అలవాటైతది ఉస్తాద్."

ఆయన లేచి చేతులు తుడుచుకున్నాడు. పని నాది కదా.

మొదటిసారి కారు లక్సెట్టిపేట తోవ పట్టింది చైత్రంలో, పట్టపగలు. కొత్త ఇంజన్ వేశాక మెకానిక్ ముందు మడ్గార్డు మీద కూర్చుని, నడుస్తుండగానే చెవితో, కంటితో దాన్ని కనిపెట్టుకుని ఉండడం మా షెడ్డు ఆనవాయితీ. నేను మడ్గార్డు మీద, డాక్టర్ సాబ్ స్టీరింగ్ దగ్గర, ఉస్తాద్ వెనక సీట్లో. బండి గుర్రంలా పోయింది. డాక్టర్ సాబ్ మాత్రం రెండు మూడుసార్లు కాలి వంక చూసుకున్నాడు. "కాలు పరేషాన్ అవుతుందయ్యా," అన్నాడు. అలవాటవుతుందని అరిచి చెప్పాను.

లక్సెట్టిపేట ఇంకా కొన్ని మైళ్లు ఉందనగా రాతి మోరీ వంతెన దాటితే ఒక ఎత్తు, ఎత్తు మీద ఇప్పచెట్టు, దాని పక్కన రెండు మూడు ఇళ్లు. ఎత్తు సగం ఎక్కగానే ఇంజన్ రెండుసార్లు దగ్గింది. సరిగ్గా ఇప్పచెట్టు ఎదురుగా ఆగిపోయింది.

గాలి లేదు. రాలిన ఇప్పపూల తీపి వాసన, కాలిన నూనె వాసన కలిసి తల తిప్పుతోంది. నేను ఇంకా కిందికి దిగలేదు, ఒక ఇంటి తలుపు తెరుచుకుంది. నడివయసు ఆడమనిషి బయటికి వచ్చింది. ఒక చేతిలో నీళ్ల చెంబు, ఇంకో చేతిలో గుడ్డలో కట్టిన సద్ది. మమ్మల్ని ఎవ్వరినీ చూడలేదు. సూటిగా వచ్చి కుడిపక్క కిటికీ దగ్గర నిలబడి, సద్ది మూట సగం పైకి ఎత్తి, డాక్టర్ సాబ్ మొహం చూసి ఆగింది. చెయ్యి మెల్లగా దించుకుంది.

"చప్పుడు విని వచ్చిన," అంది.

ఆమె ముందుకు వచ్చి ఇంజన్‌ను చూసింది. ఇత్తడి అతుకు దగ్గర చూపు నిలిచింది. నీళ్లిచ్చింది. ఉస్తాద్ తాగి, మిగిలినవాటితో తన తువ్వాల తడిపి ఇంజన్ పక్కనుండే చిన్న పెట్రోలు పంపు మీద కప్పాడు. కాసేపాగి హ్యాండిల్ తిప్పితే ఇంజన్ లేచింది. ఈల మొదలైంది. ఆమె కళ్లు మూసుకుని విన్నది.

మూడు రోజులకు రెండోసారి వెళ్లాం. అదే ఎత్తు, అదే చెట్టు, ఇంజన్ ఆగింది. ఆమె వచ్చింది. ఈసారి చెంబుతోపాటు తడిగుడ్డ కూడా తెచ్చింది. మూడోసారి మేం ఆగేసరికే ఆమె చెట్టు కింద నిలబడి ఉంది.

"మేం వస్తమని నీకెట్ల ఎరుక అక్కా?" అన్నాను.

"మోరీ అవతల ఉండంగనే ఈల వినవడ్తది తమ్మీ. గా ఇత్తడి అతుకు మా ఆయనే ఏసిండు. నా కంచం కొట్టి ఏసిండు." ఆమె నవ్వింది. "కలప లారీ నడిపెటోడు. పొద్దుగాల్ల అడివికి పోయి, పగటాల్లకు మళ్లెటోడు. గీ చెట్టుకాడ ఆగి సద్ది తీసుకునెటోడు. ఇంజన్ బందు చెయ్యకపోయేది. మళ్ల హ్యాండిల్ కొట్టుడు కష్టమని."

ఉస్తాద్ టోపీ సవరించుకున్నాడు.

"ఆ దినం గూడ ఆగిండు. కిటికీల కెల్లి సద్ది అందిచ్చిన, తీసుకోలే. అలిసిండేమో అనుకున్న. 'ఇగో, పట్టు' అన్న. చెయ్యి స్టీరింగు మీద అట్లనే ఉన్నది. కండ్లు తోవ మీదనే ఉన్నయి. ఇంజన్ నడుస్తనే ఉన్నది."

"ఎంతసేపు?" అన్నాడు డాక్టర్ సాబ్.

"పెట్రోలు అయిపోయేదాంక. బందు చేసుడు మాకెవ్వలకు రాదు గద. మేం ఏడుస్తనే ఉన్నం, అది నడుస్తనే ఉన్నది." ఆమె తడిగుడ్డను పంపు మీద సర్దింది. "ఆయన బతికినన్ని దినాలు ఇంజన్ ఈడ బందు గాలే. ఇప్పుడు వచ్చి బందైతుంది. జర దమ్ము తీసుకుంటుందేమో."

తిరిగి వచ్చేటప్పుడు డాక్టర్ సాబ్ షెడ్డు ముందు బండి ఆపి, దిగకుండానే అన్నాడు. "ఇంకొక్కసారి గా చెట్టుకాడ ఆగిందంటె, ఈ ఇంజన్ పీకి నా పాతదే పెట్టుండ్రి. మెల్లగ పోయినా పర్వాలేదు." నా మొహం వంక చూసి చెప్పాడు. ఉస్తాద్ మూలకున్న పంచర్ తొట్టి వంక చూశాడు. ఆ చూపు నాకే.

ఆ వారం నేను గ్రంథాలయం వదల్లేదు. దొరికింది. పెట్రోలు గొట్టం పొగ గొట్టానికి రెండు వేళ్ల దూరంలో పోతోంది. పగటెండలో అన్ని మైళ్లు పోయేసరికి గొట్టంలో పెట్రోలు మరిగి ఆవిరవుతుంది. ఆవిరి అడ్డం పడితే పెట్రోలు పైకి రాదు. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్‌కు ఎక్కువ పెట్రోలు కావాలి, అందదు. అందుకే ఆ ఎత్తు మీదనే ఆగుతోంది. తడిగుడ్డ వేస్తే చల్లబడి లేస్తోంది. దయ్యం లేదు, దమ్ము లేదు. ఉస్తాద్‌కు బొమ్మ గీసి చూపించాను.

"సహీ," అన్నాడు ఆయన. "తడిగుడ్డ నాకు మొదటి దినమే ఎరుకే. ఎందుకో ఇప్పుడు ఎరుకైంది. షాబాష్ లైబ్రరీ."

గొట్టాన్ని పీకి రెండో పక్క నుంచి తిప్పి వేశాను. నడుమ రేకు అడ్డం పెట్టాను. అంత సంతోషంగా నేను ఏ పనీ చేయలేదు.

నాలుగోసారి బయల్దేరినప్పుడు నాకు ఒకటే కోరిక. బండి ఆ చెట్టు దాటాలి, ఆగకుండా దాటాలి. మడ్గార్డు మీద కూర్చుని మాటిమాటికీ పెట్రోలు గొట్టం ముట్టుకుని చూస్తున్నాను. చల్లగా ఉంది. మోరీ దాటాం. ఎత్తు మొదలైంది. ఇంజన్ ఒక్కసారి కూడా దగ్గలేదు. "గెలిచిన ఉస్తాద్!" అని వెనక్కి తిరిగి అరిచాను.

మళ్లీ ముందుకు తిరిగేసరికి ఆమె తోవ మధ్యలో ఉంది.

చెంబు ఒక చేతిలో, తడిగుడ్డ భుజం మీద. ఈల విని వచ్చి, బండి ఎప్పుడూ ఎక్కడ ఆగుతుందో సరిగ్గా అక్కడ నిలబడింది. పక్కకు జరగడం లేదు. జరగాల్సిన అవసరం ఆమెకు తెలియదు. మమ్మల్ని చూసి నవ్వుతోంది.

"బ్రేకు! డాక్టర్ సాబ్, బ్రేకు!" అని అరిచాను.

డాక్టర్ సాబ్ బలమంతా పెట్టి తొక్కాడు. కారు ముందుకు దుమికింది. ఆరు సిలిండర్లు ఒక్కసారిగా గర్జించాయి. ఆ క్షణంలో నాకు అంతా అర్థమైంది. ఆయన కాలు పన్నెండేళ్ల అలవాటు చొప్పున కుడికి పోయింది. కుడిన ఇప్పుడు బ్రేకు లేదు. నేను తీసేశాను. ఆమె మొహం పెద్దదవుతోంది. ముక్కుపుడక కనిపించింది.

అప్పుడు ఇంజన్ ఆగిపోయింది.

దగ్గలేదు, వణకలేదు. ఎవరో మూత పెట్టినట్టు చప్పుడు తెగిపోయింది. ఎత్తు మీద కారు ఇంజన్ బరువుకు బిగుసుకుని, నాలుగడుగులు ఈడ్చుకుని, నిలబడింది. బంపర్‌కు, ఆమె చీర కుచ్చిళ్లకు మధ్య ఒక జానెడు.

ఇప్పపువ్వు ఒకటి రాలి రేడియేటర్ మీద పడింది. ఆ చిన్న చప్పుడు కూడా వినిపించింది.

"నేను బ్రేకే తొక్కుతున్న," అన్నాడు డాక్టర్ సాబ్. "బ్రేకే తొక్కుతున్న గద!" వెనక నుంచి ఉస్తాద్ వంగి ఆయన కాలును చూశాడు. కాలు ఇంకా ఆక్సిలేటర్‌ను నేలకు అదిమి పట్టి ఉంది. ఉస్తాద్ మెల్లగా ఆ కాలును రెండు చేతులతో పట్టుకుని పైకి తీశాడు.

ఆమెకు ఏమీ తెలియలేదు. చెంబు తీసుకుని నా పక్కకు వచ్చింది. గుడ్డ తడిపి పంపు మీద కప్పింది.

"పంపు సల్లగనే ఉన్నదేంది ఇయ్యాల?" అంది.

"అక్కా, ఈసారి ఆగదు అనుకున్నం. రిపేరు చేసినం. నువ్వు నడుమ తోవల నిలవడ్డవు... ఆగకపోతే ఏమైతుండె?"

ఆమె నా వైపు వింతగా చూసింది. "ఆయన ఎన్నడన్న ఆగకుంట పోయిండా?"

తాళం చూశాను. ఆన్‌లోనే ఉంది. నా రెండు చేతులూ హెడ్‌లైటు కమ్మీని పట్టుకునే ఉన్నాయి, ఇంజన్‌ను ముట్టలేదు. కార్బొరేటర్ గిన్నె విప్పాను. అంచు దాకా పెట్రోలు. ప్లగ్గు తీసి చూస్తే నిప్పురవ్వ నీలంగా, మంచిగా ఉంది. హ్యాండిల్ సగం తిప్పానో లేదో ఇంజన్ లేచింది. ఈల వేసింది.

ఒక్కసారిగా ఆక్సిలేటర్ తొక్కితే ఇంజన్‌కు గొంతు పట్టుకుని ఆగుతుందని పుస్తకంలో ఉంది. అదే అయ్యుంటుందని షెడ్డుకు వచ్చాక అట్లాగే తొక్కి చూశాను. మెల్లగా నడుస్తున్నప్పుడు, గట్టిగా నడుస్తున్నప్పుడు, వేడి మీద, చల్లగా. మరునాడు అదే ఎత్తు మీదికి తీసుకుపోయి తొక్కి చూశాను. ఒక్కసారి కూడా ఆగలేదు. ఆ తర్వాత ఆ ఇంజన్ మా చేతుల్లో ఉన్నన్నాళ్లూ తనంత తాను ఆగింది లేదు.

కమ్మరి దగ్గరికి నేనే వెళ్లాను. ఏమీ అడక్కుండానే వంపు కడ్డీ కొట్టి ఇచ్చాడు. పెడళ్లు మళ్లీ పాత వరసకు వచ్చాయి. నన్ను పంచర్ల దగ్గర కూర్చోబెడతాడని ఎదురుచూశాను. ఉస్తాద్ కూర్చోబెట్టలేదు. ఒక నెల దాకా నన్ను లైబ్రరీ అని కూడా పిలవలేదు. అది ఎక్కువ బాధ పెట్టింది. నెల తర్వాత ఒక పొద్దున, "ఏం లైబ్రరీ, గా పుస్తకంల కాలు గురించి ఏమన్న రాసిండ్రా?" అన్నాడు. లేదన్నాను. "అయితె నువ్వు రాయి," అన్నాడు. ఇన్నాళ్లకు రాస్తున్నాను.

డాక్టర్ సాబ్ పాత ఇంజన్ అడగలేదు. లక్సెట్టిపేట పోయిన ప్రతిసారీ ఇప్పచెట్టు దగ్గర తనే బండి ఆపేవాడు. ఇంజన్ బందు చేయకుండా కిటికీలోంచి చెయ్యి చాపి నీళ్లు తీసుకునేవాడు. ఆ జానెడు సంగతి ఆమెకు మాత్రం మేం ఎవరమూ చెప్పలేదు. చెప్పాల్సింది నేను. చెప్పలేదు.

పుస్తకాలు చదవడం నేను మానలేదు, మీరూ మానకండి. ఏ బండి వరస మార్చినా, ఆ బండి మీద కూర్చునే మనిషి ఒంటికి ఆ మార్పు తెలిసిందో లేదో చూసుకోండి. అంతే.

మేలు చేసినవాళ్లకు పేరుపేరునా మొక్కి ముగించాలి. పేర్లు రాయనన్నాను కాబట్టి మేం పిలుచుకున్న పిలుపులతోనే మొక్కుతాను. చెవితో ఇంజన్ చదివిన ఉస్తాద్‌కు. నేను వద్దన్న కడ్డీని మాట అనకుండా కొట్టి ఇచ్చిన కమ్మరికి. తప్పు నాదని తెలిసీ ఎవరికీ చెప్పని డాక్టర్ సాబ్‌కు. నా నూనె చేతుల్ని నమ్మి నీలం అట్ట పుస్తకం చేతికిచ్చిన గ్రంథాలయం గుమాస్తాకు. చెంబు పట్టుకుని ఎదురొచ్చిన అక్కకు. ఆమె పేరు నేను అడగనే లేదు.

ఇంకొకరు మిగిలారు. ఆ రోజు కారులో మేం ముగ్గురమే ఉన్నాం. మడ్గార్డు మీద నేను, స్టీరింగ్ దగ్గర డాక్టర్ సాబ్, వెనక ఉస్తాద్. నాలుగో మనిషి లేడని ఎక్కడైనా ప్రమాణం చేసి చెబుతాను. అయినా కంచం కొట్టి ఇత్తడి అతుకు వేసిన ఆ లారీ డ్రైవర్‌కు మొక్కకుండా ఈ కాగితం మడవలేకపోతున్నాను.